ఎలా వ్యాపించింది అన్నది వేరు, ఎంత నిజం అన్నది వేరు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిలు పట్టుకుని. తొలినాళ్ల క్రైస్తవం గురించి మన భాషలో కలం పట్టినవాళ్లు ఎక్కువగా ప్రసంగమైనా చేస్తారు, దెబ్బలాటకైనా దిగుతారు. నువ్వు ఆ రెండింటి జోలికీ పోలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆగిపోయింది రెండు వాక్యాల దగ్గర. "మూడు వందల ఏళ్లలో ఒక సామ్రాజ్యాన్నే గెలిచిన విశ్వాసం వట్టి కథ మీద నిలబడి ఉండదు" అని మొదటి పేజీలో అన్నావు. నాలుగో పేజీకి వచ్చేసరికి "కాన్‌స్టంటైన్ చక్రవర్తి చేరదీయకపోతే ఆ మతం ఏనాడో కనుమరుగయ్యేది" అన్నావు. ఒకటి అటు లాగుతుంది, ఇంకొకటి ఇటు. రెండింటిలో ఉన్న పొరపాటు మాత్రం ఒకటే. మతం వ్యాపించిన తీరును దాని నిజానిజాలకు సాక్ష్యంగా బోనెక్కించావు. ఆ సాక్షికి ఈ కేసు గురించి ఏమీ తెలియదు.

వ్యాప్తి సంగతి ముందు చూద్దాం. కాగితం తీసుకుని లెక్క వెయ్యి. క్రీ.శ. 40లో వెయ్యి మంది విశ్వాసులు ఉన్నారనుకో. పదేళ్లకు నలభై శాతం చొప్పున, అంటే ఏడాదికి నూటికి ముగ్గురో నలుగురో పెరిగితే, 300 నాటికి అరవై లక్షలు దాటుతారు. ఇది అంచనా మాత్రమే. అయినా ఇంత పెరుగుదలకు అద్భుతమూ అక్కర్లేదని, చక్రవర్తీ అక్కర్లేదని ఆ లెక్క చెబుతుంది. ఇరుగుపొరుగు, చుట్టరికాలు, పనిచేసే చోట పరిచయాలు చాలు. 312లో రోమ్ పక్కనున్న మిల్వియన్ వంతెన దగ్గర యుద్ధం గెలిచి కాన్‌స్టంటైన్ క్రైస్తవాన్ని చేరదీసేనాటికే రోమన్ సామ్రాజ్యంలోని పెద్ద పట్టణాల్లో దాదాపు అన్నింటిలో క్రైస్తవ సంఘాలు ఉన్నాయి.

అయితే లెక్కలో మనుషులు కనబడరు. నీ వ్యాసంలోనూ కనబడలేదు. "ప్రజలు ఆకర్షితులయ్యారు" అని ఐదు చోట్ల రాశావు. ఏ ప్రజలు? ఎవరి ఇంట్లో? దాదాపు 112లో, ఇప్పటి టర్కీ ఉత్తర తీరాన ఉన్న బితూనియను పాలిస్తున్న ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం తీసి చూడు. క్రైస్తవులంటే ఎవరో తేల్చుకోవడానికి ఆయన ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింసలు పెట్టించాడు. సంఘంలో వాళ్లను పరిచారికలు అనేవారట. ఆయన విచారణలో తేలిందేమిటి? నియమంగా ఒక రోజున తెల్లవారక ముందే కలుసుకుంటారు, క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడతారు, దొంగతనం, వ్యభిచారం చేయబోమని ఒట్టు పెట్టుకుంటారు, తరువాత మళ్లీ చేరి మామూలు భోజనం చేస్తారు. ఇంతకుమించి ఏమీ దొరకలేదు. అదే ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది. బలి ఇచ్చిన జంతువుల మాంసాన్ని నిన్నమొన్నటి దాకా కొనేవాళ్లు చాలా అరుదని, తాను చర్యలు తీసుకున్నాక మళ్లీ అమ్ముడవుతోందని రాశాడు. ఆ మాంసం బజారు నీ వ్యాసంలోకి రావాలి. ఒక మతం పెరుగుతోందనడానికి అంతకంటే దగ్గరి ఆనవాలు నాకు తెలియదు.

మరో ఉత్తరం. ఇది క్రీ.పూ. 1 నాటిది, ఈజిప్టు ఇసుకలో పపైరస్ మీద మిగిలింది. హిలారియన్ అనే కూలివాడు అలెగ్జాండ్రియా నుంచి ఇంటి దగ్గరున్న ఆలిస్‌కు రాశాడు. దిగులు పడవద్దంటాడు. చిన్నవాణ్ణి బాగా చూసుకోమంటాడు. కూలి అందగానే పంపుతానంటాడు. నన్ను మరిచిపోవద్దని కబురు పెట్టావు, నిన్నెలా మరుస్తాను అంటాడు. ఆ మాటల మధ్యలోనే, కాన్పయితే మగబిడ్డను ఉంచు, ఆడబిడ్డను పారవెయ్యి అంటాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. వాడు దుర్మార్గుడు కాడు, ఆ కాలపు ఆనవాయితీ అది. యూదులు దాన్ని ఒప్పుకోలేదు, వాళ్ల బాటలోనే క్రైస్తవులూ ఒప్పుకోలేదు. ఆలిస్‌లాంటి స్త్రీకి ఆ గుంపు ఎలా కనిపించి ఉంటుందో నువ్వు రాయగలవు.

విధవరాళ్ల సంగతి కూడా వదలకు. 251 ప్రాంతంలో రోమ్ సంఘం పదిహేను వందల మందికి పైగా విధవరాళ్లను, పేదలను పోషించేదని అక్కడి బిషప్పు రాశాడు. తమవాళ్ల గొప్ప తాము చెప్పుకున్నారని ఎవరైనా అంటే, నాలుగో శతాబ్దంలో పాత దేవతలను మళ్లీ నిలబెట్టాలని చూసిన జూలియన్ చక్రవర్తి మాట చూపించు. ఈ గలిలయవాళ్లు (క్రైస్తవులను ఆయన అలా అనేవాడు) తమ పేదలతో పాటు మన పేదలనూ పోషిస్తున్నారని ఆయన వాపోయాడు. శత్రువు నోటి నుంచి వచ్చిన సాక్ష్యం విలువైనది.

ఇక్కడ మన పాఠకుడు తప్పకుండా "అన్నం కోసం చేరారన్నమాట" అంటాడు. ఒంగోలు సంగతి గుర్తుచెయ్యి. 1876–78 కరవులో మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పని తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ అనుమానం రాకూడదనే కరవు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలి, గౌరవం, నమ్మకం ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. రోమ్‌లోనూ అంతే.

ఇక నిజానిజాలు. ఇక్కడ ఒక్కో మాటను విడిగా తూచాలి, మొత్తాన్ని మూటగట్టి కాదు. సువార్తలకంటే ముందు రాసినవి తొలితరం ప్రచారకుడు పౌలు ఉత్తరాలు. డెల్ఫీలో దొరికిన శాసనం వల్ల గల్లియోను 51–52 ప్రాంతంలో గ్రీసులోని అకయకు రోమన్ అధిపతి అని తెలిసింది. కొరింథులో పౌలును ఆయన ముందు నిలబెట్టారని అపొస్తలుల కార్యములు చెబుతుంది కాబట్టి, పౌలు అక్కడ ఉన్న కాలమూ తెలిసింది. గలతీయులకు రాసిన ఉత్తరంలో, యెరూషలేములో పేతురు దగ్గర పదిహేను రోజులు ఉన్నానని, ప్రభువు సహోదరుడైన యాకోబును చూశానని పౌలు చెబుతాడు. ఆ యాకోబును చంపిన సంగతిని యూదు చరిత్రకారుడు జోసెఫస్ కూడా రాశాడు. క్రైస్తవులంటే గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్, క్రీస్తుకు రోమన్ అధిపతి పిలాతు మరణశిక్ష వేయించాడని రాశాడు. యేసు అనే మనిషే లేడనే వాదం వీటి ముందు నిలవదు. అది గట్టిగానే రాయి.

జోసెఫస్ విషయంలో మాత్రం జాగ్రత్త. యేసును "క్రీస్తు ఇతడే" అనే వాక్యం కూడా ఆయన గ్రంథంలో కనిపిస్తుంది. నా తొలి వ్యాసాల్లో దాన్ని యథాతథంగా ఎత్తి రాశాను. ఒక పెద్దాయన కార్డు ముక్క మీద, యూదుడిగానే బతికిన మనిషి అలా రాస్తాడా అని అడిగారు. తరువాతి క్రైస్తవ లేఖకులు ఆ భాగంలో చేర్పులు చేశారని అప్పుడు తెలుసుకున్నాను. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

నిలవనివీ ఉన్నాయి. యూదయ రాజు హేరోదు దాదాపు క్రీ.పూ. 4లో చనిపోయాడు. సిరియా అధిపతి కురేనియు జనసంఖ్య రాయించింది క్రీ.శ. 6లో. యేసు పుట్టుకను లూకా ఆ ఇద్దరి కాలానికీ ముడిపెట్టాడు. మధ్యలో దాదాపు తొమ్మిదేళ్ల దూరం ఉంది. దాన్ని దాచకు, దాని మీద ఎగరకు.

పునరుత్థానం దగ్గర నువ్వు తడబడ్డావు, అది సహజమే. యేసు మళ్లీ కనబడ్డాడని చెప్పినవాళ్ల జాబితాను పౌలు కొరింథువాళ్లకు రాస్తూ, అది తనకు అందిన మాట అంటాడు. అంటే సిలువ జరిగిన ఇరవై పాతికేళ్లకే అది పాత మాట. ఆ నమ్మకం చాలా ముందే పుట్టిందని, తాము చూశామని ఆ మనుషులు నమ్మారని చరిత్రకారుడు చెప్పగలడు. వాళ్లు చూసింది ఏమిటో తేల్చే పనిముట్టు చరిత్ర చేతిలో లేదు. మార్కు సువార్త అతి పురాతన ప్రతులు సమాధి దగ్గర నుంచి భయంతో పారిపోతున్న స్త్రీల దగ్గరే ఆగిపోతాయి, తరువాతి వాక్యాలు వాటిలో లేవు. రోజూ బైబిలు తెరిచే అమ్మమ్మ కూడా నీ వ్యాసం చదువుతుందని గుర్తుపెట్టుకుని ఈ సంగతి రాయి. ఆమెకు తెలియాల్సిన విషయమే ఇది, చెప్పే గొంతులో గౌరవం ఉండాలి.

మళ్లీ రాసేటప్పుడు కాన్‌స్టంటైన్‌తో కాకుండా బితూనియలోని ఆ ఇద్దరు స్త్రీలతో మొదలుపెట్టు. ప్లినీ వాళ్ల పేర్లు రాయలేదు. నువ్వు ఊహించి పెట్టకు.

ఆశీస్సులతో