గదిలోకి వెళ్లాక ఎందుకొచ్చానో గుర్తుండటం లేదు... అల్జీమర్సేనా?

ప్రశ్న: నా వయసు 46. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తే ఎందుకొచ్చానో గుర్తుండదు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో రోజూ వెతుక్కుంటున్నాను. కొత్తగా పరిచయమైనవాళ్ల పేర్లు రెండు నిమిషాలకే మర్చిపోతున్నాను. చిన్నప్పటి సంగతులు మాత్రం పూసగుచ్చినట్టు చెప్పగలను. మా అమ్మకు 78వ ఏట అల్జీమర్స్ వచ్చింది. నాకూ మొదలైందేమోనని ఒకటే టెన్షన్. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. సలహా ఇవ్వగలరు.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మను ఆ స్థితిలో చూశాక మీకు భయం కలగడం సహజం. కానీ మీరు రాసినదాన్ని బట్టి అల్జీమర్స్ కన్నా నిద్రలేమి, ధ్యాస చెదరడమే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఎప్పుడు ఏం మర్చిపోయారో మీరే ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుని రాశారు. ఆ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి తాము మర్చిపోతున్న సంగతే సరిగా తెలియదు. ఇంట్లోవాళ్లే ముందు గమనిస్తారు.

ఏదైనా గుర్తుండాలంటే మనసు దాన్ని పట్టుకోవాలి, మెదడు దాచుకోవాలి, అవసరమైనప్పుడు బయటికి తీయగలగాలి. మీ ఇబ్బంది చాలావరకు మొదటి మెట్టులోనే ఉంది. కళ్లజోడు సంగతే చూడండి. ఫోన్ మాట్లాడుతూనో, మరో పని గురించి ఆలోచిస్తూనో తీసి పక్కన పెడతారు. చేయి తన పని చేసేసింది, ధ్యాస అక్కడ లేదు. అది మెదడులోకి ఎక్కనే లేదు కాబట్టి తర్వాత ఎంత ఆలోచించినా తట్టదు. పెట్టేటప్పుడు 'కళ్లజోడు టీవీ పక్కన పెడుతున్నా' అని ఒక్కసారి పైకి అనుకోండి. తేడా మీకే తెలుస్తుంది.

గదిలోకి వెళ్లి ఆగిపోవడం వేరే రకం. అప్పటికప్పుడు కావలసినవాటిని కాసేపు పట్టి ఉంచేదాన్ని వర్కింగ్ మెమరీ అంటాం. అందులో చోటు చాలా తక్కువ. ఏడు అంశాలు, ఒకటి రెండు అటూ ఇటూగా పడతాయని 1956లో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు రాశారు. నాలుగుకు మించి పట్టవని ఆ తర్వాతి పరిశోధకులు చాలామంది అంటున్నారు. పైగా మనసులో అనుకుంటూ ఉండకపోతే అవి కొన్ని సెకన్లలోనే జారిపోతాయి. కత్తెర కోసం బయల్దేరి, మధ్యలో కట్టాల్సిన బిల్లు గుర్తొస్తే కత్తెర కాస్తా పోతుంది. మళ్లీ మొదటి గదికి వెళ్తే చటుక్కున తడుతుంది కదా? అలా తడుతోందంటే జ్ఞాపకం చెరిగిపోలేదన్నమాట.

ఇక చిన్నప్పటి సంగతులు. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి తీవ్రమైన మూర్ఛలు తగ్గించడానికి 1953లో ఆపరేషన్ చేసి, మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత కొత్త సంగతులేవీ ఆయనకు నిలవలేదు. ఏళ్ల తరబడి పరీక్షించిన సైకాలజిస్టును కూడా ప్రతిసారీ కొత్త మనిషిలాగే పలకరించేవారు. చిన్నప్పటివి మాత్రం చెప్పేవారు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం నేర్పితే, నిన్న గీశానన్న గుర్తు లేకుండానే రోజురోజుకూ బాగా గీశారు. కొత్తవి దాచడానికి హిప్పోక్యాంపస్ కావాలని, పాతవి, చేతి నైపుణ్యాలు మెదడులో వేరేచోట నిలుస్తాయని ఆయన వల్లే స్పష్టమైంది.

అందువల్ల పాత సంగతులు బాగా గుర్తుండటాన్ని బట్టి మంచో చెడో తేల్చలేం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ గుర్తుంటాయి, అల్జీమర్స్ తొలిదశలోనూ గుర్తుంటాయి. నేనైతే నిన్నటి సంగతులు అడుగుతాను. నిన్న జరిగినదాన్ని మర్చిపోయినా, ఎవరైనా చిన్న క్లూ ఇస్తే 'అవునవును' అని గుర్తొస్తోందా? వస్తుంటే మంచి సూచన. ఆ జబ్బులో క్లూ ఇచ్చినా సాధారణంగా ఉపయోగం ఉండదు.

అమ్మకు ఉంది కాబట్టి మీకు ముప్పు కొంత ఎక్కువే. అంతమాత్రాన వచ్చి తీరుతుందని కాదు. మీ అమ్మకు వచ్చినట్టు పెద్ద వయసులో మొదలయ్యే అల్జీమర్స్‌లో ఏ ఒక్క జన్యువూ మన రాతను తేల్చేయదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది మీ నిద్ర. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది ముఖ్యంగా నిద్రలోనే. నిద్ర చాలకపోతే మర్నాడు ధ్యాస కుదరదు, మరుపు పెరుగుతుంది, దాంతో టెన్షన్ పెరిగి మళ్లీ నిద్ర చెడిపోతుంది. మీ వయసులో నెలసరి ఆగే ముందు వచ్చే హార్మోన్ల మార్పుల వల్ల కూడా కొందరికి ఇలా అవుతుంది. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, అలర్జీకి వాడే కొన్ని మాత్రలు కూడా మరుపు తెస్తాయి. బి12, థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. సొంతంగా నిద్రమాత్రలు వేసుకోవద్దు, వాటిలో కొన్ని జ్ఞాపకశక్తినే దెబ్బతీస్తాయి. మెమరీ టానిక్కుల మీద డబ్బు తగలేయకండి. రోజూ అరగంట నడవండి.

పేర్ల విషయంలో, వినగానే ఆ పేరుతో ఒకసారి పిలవండి. రెండు నిమిషాల తర్వాత మనసులో తెచ్చుకోండి, రాత్రి పడుకునే ముందు మరోసారి. పదిసార్లు వల్లెవేయడం కన్నా ఇలా విరామం ఇచ్చి గుర్తుచేసుకోవడం బాగా పనిచేస్తుంది.

అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, తెలిసిన దారిలో తప్పిపోవడం, ఏళ్లుగా చేస్తున్న పని తడబడటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవండి. ఉన్నట్టుండి అయోమయం, మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం లాంటివి ఉంటే అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకున్నా, నిద్ర కుదిరి, పరీక్షల్లో తేలిన లోపాలు సరిచేసుకున్నాక కూడా కొన్ని నెలల్లో మార్పు రాకపోతే ఒకసారి చూపించుకోండి. వెళ్లేటప్పుడు మీతో కలిసి ఉండేవాళ్లలో ఒకరిని తీసుకెళ్లండి. వాళ్లు చెప్పేది కూడా డాక్టరు వినాలి.