మీ ప్రశ్న – మా జవాబు: ఎలక్ట్రిక్ చెయిన్ హాయిస్టు ఎంపిక

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాది మెషిన్ షాపు. పంపు షాఫ్టులు, రోలర్లు, గేర్ బాక్సులు రిపేరుకు వస్తాయి. అన్నిటికన్నా బరువైన జాబ్ 1,400 కిలోలు. ఇన్నాళ్లూ చేతి చెయిన్ బ్లాకుతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు 2 టన్నుల ఎలక్ట్రిక్ హాయిస్టుకు (మోటారుతో బరువులెత్తే చెయిన్ యంత్రం) రెండు కొటేషన్లు తెప్పిస్తే ఒకదానిపై ఎం3, ఇంకోదానిపై ఎం5 అని ఉంది. ధరలో చాలా తేడా. రోజుకు 8 గంటల షిఫ్టు, గంటకు పది లిఫ్టులు, ఎత్తు సగటున మీటరున్నర. ఏది కొనాలి? పాత బీమ్‌కే తగిలించవచ్చా?

జవాబు: స్లింగులు, షాకిళ్ల వంటి కట్టే సామాను కలుపుకున్నా మీకు 2 టన్నులు చాలు. తేల్చుకోవలసింది ఆ ఎం నంబరు సంగతే. అది హాయిస్టు ఎంత బరువు ఎత్తుతుందో చెప్పదు, ఎంత పని తట్టుకుంటుందో చెబుతుంది. కొనేవాళ్లు టన్నులు అడిగి ఊరుకోవడం వల్లే కొత్త హాయిస్టులు త్వరగా మూలపడుతున్నాయి.

మీ లెక్క చూద్దాం. మీటరున్నర ఎక్కాలి, మీటరున్నర దిగాలి, అంటే లిఫ్టుకు 3 మీటర్లు. గంటకు 10 చొప్పున 8 గంటలకు 240 మీటర్లు. వేగం నిమిషానికి 4 మీటర్లయితే మోటారు రోజుకు సరిగ్గా గంట తిరుగుతుంది. బరువులు కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువగా ఉండే షాపులో సగటున రోజుకు ఎం3 ఒక గంట, ఎం4 రెండు గంటలు, ఎం5 నాలుగు గంటలు నడవవచ్చు. ఈ లెక్కన మీకు ఎం3 అంచు మీద ఉంది, ఎం4 హాయిగా సరిపోతుంది.

కానీ ఇంకో లెక్క ఉంది, మీ పనిలో అదే అసలైనది. షాఫ్టును చక్‌లో (మెషిన్ మీద జాబ్‌ను బిగించి పట్టే భాగం) కూర్చోబెట్టేటప్పుడు ఆపరేటర్ బటన్‌ను టకటకా నొక్కుతాడు. ప్రతి నొక్కుడూ ఒక స్టార్టు. ఎం3కి గంటకు 150, ఎం4కి 180, ఎం5కి 240 స్టార్టులు పరిమితి. ఒక్కో జాబ్‌కు ఇరవై నొక్కుళ్లు వేసుకున్నా గంటకు 200. ఎం4 కూడా దాటిపోయింది. స్టార్టయిన ప్రతిసారీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, చల్లబడే వ్యవధి లేక వైండింగ్ వేడెక్కుతుంది, బ్రేకు లైనింగు అరుగుతుంది. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి, తీసే స్విచ్) పాయింట్లు కాలి అతుక్కుపోయాయంటే బటన్ వదిలినా హుక్ ఆగదు. బరువు కింద మనిషి ఉన్న చోట అంతకు మించిన ప్రమాదం లేదు.

అందుకే ఎం5 తీసుకోండి, అదీ రెండు వేగాలది, నిమిషానికి 4, 1 మీటర్లు ఉన్నది. చివరి 10 సెంటీమీటర్లు నెమ్మది వేగంలో దించితే 6 సెకన్లు పడుతుంది, నొక్కుళ్లు రెండు మూడుకు తగ్గుతాయి. అలాగని రోజంతా నెమ్మది వేగంలో నడపకండి. ఆ వేగంలో మోటారుకు విశ్రాంతి ఎక్కువ కావాలి.

2 టన్నుల హాయిస్టులు చాలావరకు రెండు వరుసల చెయిన్‌తో వస్తాయి. 6 మీటర్ల లిఫ్టుకు 12 మీటర్లకు పైనే చెయిన్ ఉంటుంది. మిగులు చెయిన్ పడే సంచీ చిన్నదైతే నిండి పొర్లి, జారిన చెయిన్ మిగతాదాన్నీ లాక్కుంటూ కింద పడుతుంది. సంచీ కొలత కొటేషన్‌లోనే రాయించుకోండి. కింది హుక్ బ్లాకు వరుసల మధ్యలోంచి పల్టీ కొడితే చెయిన్ మెలిపడుతుంది, ఆ మెలికతో ఎత్తకూడదు.

బీమ్ సంగతి: చేతి బ్లాకుకు సరిపోయింది కదా అని తగిలించేయకండి. డిజైన్‌లో కుదుపు కోసం చేతితో నడిపే క్రేన్లకు 10 శాతం కలిపితే, కరెంటువాటికి 25 శాతం కలుపుతారు. దానికి హాయిస్టు, దాన్ని బీమ్ వెంట నడిపే చక్రాల ట్రాలీల సొంత బరువు కలిపి స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించండి. ట్రాలీ ఆర్డరు ఇచ్చేటప్పుడు బీమ్ ఫ్లాంజి (ట్రాలీ చక్రాలు నడిచే అంచు) వెడల్పు చెప్పడం మరవద్దు.

ప్రశ్న: కరెంటు లైను పని జరిగాక, పైకి బటన్ నొక్కితే హుక్ కిందికి దిగుతోంది. పెండెంట్‌లో (వేలాడే బటన్ల పెట్టెలో) రెండు వైర్లు తారుమారు చేస్తే సరిపోతుందా? – పరవాడ పాఠకుడు

జవాబు: వద్దు. ఫేజులు తారుమారయ్యాయి. పై లిమిట్ స్విచ్ (హుక్ పై హద్దుకు చేరితే ఆపేది) ‘పైకి’ కాంటాక్టర్‌నే ఆపుతుంది. మీరు పెండెంట్‌లో వైర్లు మారిస్తే హుక్‌ను పైకి నడిపేది ‘కిందికి’ కాంటాక్టర్ అవుతుంది, దాన్ని ఆ లిమిట్ ఆపదు. హుక్ బ్లాకు వెళ్లి హాయిస్టు బాడీని గుద్దుకుంటుంది. మెయిన్ ఆపి, సప్లై వైపు మూడు ఫేజుల్లో ఏవైనా రెండు మార్పించండి. తర్వాత బరువు లేకుండా పైదాకా నడిపి, లిమిట్ దగ్గర ఆగుతోందో లేదో చూడండి. ఫేజులు మారితే స్టార్టు కానివ్వని రిలే పెట్టించుకుంటే ఈ బెడద ఉండదు.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు ఇంజన్లు దించే పని మాది. చెయిన్ ఆరు నెలలకే తుప్పు పడుతోంది. యాసిడ్‌తో కడిగి, జింకు పూత వేయించవచ్చా?

జవాబు: ఆ రెండూ చేయకండి. హాయిస్టు చెయిన్ గట్టిపరచిన ఉక్కు. యాసిడ్‌లో ముంచితే హైడ్రోజన్ లోపలికి చొరబడి లింకు పెళుసవుతుంది, హెచ్చరిక లేకుండా తెగుతుంది. వేడి జింకులో ముంచితే గట్టిదనం పోతుంది. తయారీదారు దగ్గరే తుప్పు తట్టుకునే చెయిన్ అడగండి.

ఉన్నదానికి: కిరసనాయిలు గుడ్డతో ఉప్పు, మట్టి తుడిచి, ఆరాక నూనె పట్టించండి. నూనె చేరవలసింది లింకులు ఒకదానిలో ఒకటి ఒరుసుకునే చోటికి. అందుకే బరువు తీసేసి, చెయిన్ వదులుగా ఉన్నప్పుడు పట్టించాలి. పైపైన గ్రీజు పూస్తే ఇసుక అంటుకుని ఇంకా అరుగుతుంది.

నెలకోసారి వెర్నియర్‌తో 11 లింకుల పొడవు కొలవండి. 2 శాతం సాగితే చెయిన్ మార్చాలి. 7×21 చెయిన్‌లో (లింకు మందం 7, లోపలి పొడవు 21 మి.మీ.) కొత్తప్పుడు 231 మి.మీ. ఉంటుంది, 235.6 దాటిందంటే పని అయిపోయింది. లింకు మందం 10 శాతం తగ్గినా, హుక్ నోరు 10 శాతం తెరుచుకున్నా అంతే. ఒక్క లింకు తీసి వెల్డింగు పెట్టించడం అసలు పనికిరాదు. చెయిన్ మార్చినప్పుడు లోపలి లోడ్ వీల్‌ను (చెయిన్‌ను లాగే పళ్ల చక్రాన్ని) కూడా విప్పి చూడండి. అరిగిన పళ్ల మీద ఎక్కిస్తే కొత్త చెయిన్ కూడా త్వరగా సాగుతుంది.