‘ఎనర్వేట్’లో ఎనర్జీ లేదు

ప్రశ్న: బీటెక్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. అమెరికాలో ఎంఎస్ కోసం రాసుకున్న ఎస్‌ఓపీలో (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో యూనివర్సిటీకి చెప్పే వ్యాసం) ‘దిస్ ప్రాజెక్ట్ ఎనర్వేటెడ్ మీ’ అని రాశాను. మా సీనియర్ చూసి అర్థం తలకిందులైందన్నాడు. అక్కడి పీజీ ప్రవేశాల కోసం రాసే జీఆర్‌ఈ మాక్ టెస్టులోనూ ఇదే పదం దగ్గర తప్పు చేశాను. రోజుకు 50 పదాలు బట్టీ పడుతున్నా ఎందుకిలా అవుతోంది?

జవాబు: మీ సీనియర్ చెప్పింది నిజం. ‘ఈ ప్రాజెక్టు నా సత్తువంతా లాగేసింది’ అని మీ వాక్యానికి అర్థం. అప్లికేషన్ పంపకముందే అతని కంట పడడం మంచిదైంది.

ఎనర్వేట్ అనగానే మీకు ఎనర్జీ గుర్తొచ్చి ఉంటుంది. ఆ రెండింటికీ చుట్టరికం లేదు. ఎనర్జీ మూలం గ్రీకు, అందులోని ‘ఎర్గాన్’ అంటే పని. ఎనర్వేట్ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ ‘నెర్వుస్’ అంటే మొదట్లో కండను ఎముకకు పట్టి ఉంచే గట్టి తాడులాంటి భాగం, ఇప్పుడు మనమనే నరం అర్థం తర్వాత చేరింది. ముందున్న ‘ఎ’కి ‘బయటికి’ అని అర్థం. దాన్ని ఊడబెరికితే ఒంట్లో పట్టు ఎక్కడుంటుంది? ‘ఎరాడికేట్’లో ఉన్నదీ ఈ ‘ఎ’నే. ‘రాడిక్స్’ అంటే వేరు, కాబట్టి కూకటివేళ్లతో పెకలించడం. ‘ఎవిసరేట్’ అంటే పేగులు బయటికి తీయడం. మూడింటినీ కలిపి చదవండి, ఒకదాన్ని చూస్తే మిగతా రెండూ గుర్తొస్తాయి.

వాడేటప్పుడు ఒక తేడా గమనించాలి. గంటసేపు క్రికెట్ ఆడి అలసిపోతే ‘టైర్డ్’ చాలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, ఏ పనీ చేయకుండానే ఒళ్లు సోలిపోతుంది చూడండి, అది ‘ఎనర్వేటింగ్ హీట్’. వారాల తరబడి మంచాన పడేసిన టైఫాయిడ్ మనిషిని ఎనర్వేట్ చేస్తుంది. పాతుకుపోయిన అవినీతి ఒక సంస్థనూ అలాగే లోపల్నుంచి పీల్చేస్తుంది. బెదరగొట్టి ధైర్యం చెడగొట్టడం ‘అన్‌నర్వ్’, అది వేరే మాట.

జీఆర్‌ఈ సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో, అంటే వాక్యంలోని ఖాళీని ఒకే అర్థం వచ్చేలా నింపే ప్రశ్నల్లో, ఆరు ఆప్షన్ల నుంచి రెండు ఎంచుకోవాలి, రెండూ సరైనవైతేనే మార్కు. ఎనర్వేట్‌కు సరైన జోడీ ‘డెబిలిటేట్’, అంటే నీరసపరచడం. మీరు ఉత్సాహం నింపడమనే ‘ఇన్విగరేట్’తో జత కలిపి ఉంటారని నా అనుమానం. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించాక ఇంగ్లిష్‌ను పరీక్షించే వెర్బల్ విభాగంలో ఉన్నవి 27 ప్రశ్నలే. తెలిసిందనుకున్న పదం దగ్గర ఒకటి పోగొట్టుకోవడం బాధగా ఉంటుంది.

రోజుకు 50 పదాలు వద్దు. అంత వేగంలో పదం శబ్దం మాత్రమే మనసులో నిలుస్తుంది, మిమ్మల్ని పక్కదారి పట్టించింది ఆ శబ్దమే. 10 చాలు. ఒక్కో పదానికి మీ ఇంట్లోనో హాస్టల్లోనో నిజంగా జరిగిన విషయంతో ఒక వాక్యం రాసుకోండి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత మరోసారి అర్థం మూసిపెట్టి చూసుకోండి.

ఇక ఎస్‌ఓపీ సంగతి. ఎనర్వేటెడ్ తీసేసి ఆ చోట ఎనర్జైజ్డ్ పెట్టి ఊరుకోకండి. ఆ వాక్యం మొత్తం కొట్టేయండి. ఆ ప్రాజెక్టులో మిమ్మల్ని నిద్రపోనివ్వని చిక్కు ఏమిటో, దాన్ని ఎలా విప్పారో మామూలు ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు రాసి, మళ్లీ ఆ సీనియర్‌కే చూపించండి.