తెల్లకాగితంపై కొన్న పొలంలో బోరు వేయించవచ్చా?

ప్రశ్న: 1998లో నాన్న రెండెకరాలకు పూర్తి సొమ్ము చెల్లించి తెల్లకాగితం మీద రాయించుకున్నారు. అప్పటి నుంచి సాగు మాదే. పాసుపుస్తకం మాత్రం అమ్మినాయన కొడుకుల పేరిట ఉంది. పన్నెండేళ్లు దాటింది కాబట్టి భూమి మాదేనని ఊళ్లో అంటున్నారు. బంగారం తాకట్టు పెట్టి నాలుగు లక్షలతో బోరు వేయించి, మామిడి పెట్టవచ్చా? - ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ డబ్బు ముందు హక్కు కోసం ఖర్చు కావాలి, నీళ్ల సంగతి తర్వాత.

పన్నెండేళ్ల మాటలో నిజం లేకపోలేదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఇతరుల స్వాధీనంలో ఉన్న తన ప్రైవేటు భూమి కోసం యజమాని పన్నెండేళ్లలోగా దావా వేయకపోతే అతని హక్కు పోతుంది. ప్రభుత్వ భూమికి ఆ గడువు 30 ఏళ్లు. అలా హక్కు పొందినవారు తామే కోర్టుకు వెళ్లవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఏళ్లు నిండగానే పట్టా చేతికి రాదు. మంచి నమ్మకంతో దున్నుకున్నామన్నా సరిపోదు. యజమాని హక్కును కాదని, నలుగురికీ తెలిసేలా, ఎడతెగకుండా అనుభవిస్తున్నామని రుజువు చేయాలి.

మీరు పంపిన కాగితం ఫొటోను పెద్దది చేసి చదివాను. మడత దగ్గర సిరా చెదిరినా ఒక వాక్యం స్పష్టంగా ఉంది: ‘సొమ్ము యావత్తు ముట్టినది, భూమి నేడే స్వాధీనపరచితిని, ఇకపై నాకు గాని నా వారసులకు గాని హక్కు లేదు.’ అదే ‘తర్వాత రిజిస్ట్రేషన్ చేయిస్తాను’ అని ఉంటే, మీరు ఆయన అనుమతితో ఉన్నట్టు లెక్క. అప్పుడు పాతికేళ్లు గడిచినా పన్నెండేళ్ల వాదన నిలవడం కష్టం. రిజిస్టరు కాని కాగితం తానుగా హక్కు ఇవ్వదు. మీ స్వాధీనం ఎలా మొదలైందో చూపడానికి మాత్రం పనికివస్తుంది.

2020 నవంబరు మొదటి వారంలో నాన్నగారు సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితంపై రాసుకున్న కొనుగోలు) క్రమబద్ధీకరణకు మీసేవలో దరఖాస్తు పెట్టారని, రసీదు ఉందని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాశారు. మీ దగ్గరున్న వాటన్నిటిలో విలువైనది అదే! 2014 జూన్ 2కు ముందు కొని, 2020 అక్టోబరు 12 - నవంబరు 10 మధ్య దరఖాస్తు చేసుకున్న చిన్న, సన్నకారు రైతులకు 2025 భూభారతి చట్టం దారి చూపింది. ఆర్డీవో విచారణ జరుపుతారు. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము మీరు కట్టాలి. ఆ రసీదుకు నకళ్లు తీయించి, అసలును భద్రంగా దాచండి. 1998 నుంచి ఉన్న పాత పహాణీల (ఏ ఏడాది ఎవరు సాగు చేశారో రాసే రెవెన్యూ రికార్డుల) ధ్రువీకృత నకళ్లు తీసుకుని, అనుభవదారు గడిలో నాన్నగారి పేరు ఏయే సంవత్సరాలు ఉందో చూడండి. ఆ భూమి అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు కేటాయించినది) కాదని కూడా నిర్ధారించుకోండి. అసైన్డ్ అయితే 1977 చట్టం ప్రకారం ఆ కొనుగోలే చెల్లదు.

ఇదంతా నడుస్తుండగానే ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని అమ్మినాయన కొడుకులతో మాట్లాడండి. పాసుపుస్తకం వారి పేరిట ఉన్నంతకాలం రైతుభరోసా వారికే వెళ్తుంది, మీకు పంట రుణం రాదు. నాన్నగారు పూర్తి ధర ఇచ్చేశారు, మళ్లీ ఇవ్వడం బాధే. అయినా లక్షన్నర దాకా అడిగి రిజిస్ట్రేషన్ చేస్తామంటే, మీ స్థానంలో నేను ఒప్పుకుంటాను. ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు అంతకంటే ఎక్కువే అవుతుంది. డబ్బు మాత్రం రిజిస్ట్రేషన్ రోజునే, బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఆ ఇంటి ఆడపిల్లలూ వారసులే, వాళ్ల సంతకాలు కూడా తప్పకుండా పెట్టించండి.