ఎర్ర సుద్దా, జేగురా?

సందేహం: పాత ఇంగ్లండు చిత్రాల ప్రదర్శనకు తెలుగు శీర్షికలు రాస్తున్నాం. ‘రెడ్ చాక్’ను ఎర్ర సుద్ద అంటే, సుద్ద తెల్లగానే ఉంటుంది కదా అని మిత్రులు అభ్యంతరపెట్టారు. ‘వాటర్ కలర్, రెడ్ చాక్ పోర్ట్రెయిట్’ను ‘నీటిరంగులు, ఎర్ర సుద్దలో గీసిన ముఖచిత్రం’ అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుల అభ్యంతరం నిలవదు. బడిలో రంగు సుద్దముక్కలు అంటూనే ఉన్నాం. చిక్కు వేరే ఉంది. ఎర్ర సుద్ద అనగానే పాఠకుడికి నల్లబల్ల మీద రాసే ముక్క గుర్తుకొస్తుంది. చిత్రకారులు వాడింది అది కాదు, ఇనుప ఆక్సైడు కలిసిన సహజమైన బంకరాయి. దాన్ని పుల్లల్లా కోసి గీసేవారు. ఇటలీలో టురిన్ రాజగ్రంథాలయంలో ఉన్న లియొనార్డో డావించి గడ్డపు ముసలివాడి బొమ్మ అలా గీసిందే. సుమారు 1512 నాటిదంటారు.

ఆ మన్నుకు మనకు పేరుంది: జేగురు. తెలంగాణ పల్లెల్లో గడపలకూ అరుగులకూ పూసే జాజు ఈ జాతిదే. సంస్కృతంలో గైరికం. మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలి బొమ్మను రాతి మీద ‘ధాతురాగాల’తో గీస్తాడు, ధాతువులంటే గైరికాదులని మన కొలచల మల్లినాథుడి వ్యాఖ్య. జేగురుతో మనిషి రూపం గీయడం మన సాహిత్యానికి కొత్త కాదన్నమాట. కావి అన్నా తప్పులేదు గానీ, అది సన్యాసుల బట్టల దగ్గరే ఆగిపోయింది.

ముఖచిత్రం మాత్రం వద్దు. అది పత్రిక అట్ట మీది బొమ్మ. చిత్తరువు చక్కని మాటే, కాని ఏ బొమ్మనైనా చిత్తరువనే అంటాం. రూపచిత్రం అనండి. జలవర్ణం కంటే నీటిరంగు నయం.

ఇక ‘సుద్దలో గీసిన’ అన్నది ఇంగ్లీషు పోకడ. తెలుగులో దేనితోనైనా గీస్తాం, దానిలో గీయం. పైగా జేగురుతో గీస్తాం, నీటిరంగులు పూస్తాం. రెంటినీ ఒకే క్రియకు కట్టకూడదు. చిత్రకారుడు జాన్ డౌన్‌మన్ (1750–1824) పలుచని కాగితం వెనకవైపు రంగు పూసి, చెక్కిళ్ళ ఎరుపు ముందుకు లేతగా తేలేలా చేసేవాడు. అలాంటి పనిని ‘గీసిన’ అంటే సగమే చెప్పినట్టు. ‘జేగురుతో గీసి నీటిరంగులు పూసిన రూపచిత్రం’ అని రాయండి. చోటు చాలకపోతే ‘రూపచిత్రం: జేగురు, నీటిరంగులు’ చాలు.