జపాన్ తొలితరం టెన్నిస్ ఆటగాళ్లు విదేశాల్లో అంత త్వరగా ఎలా రాణించారు?

మెత్తని రబ్బరు బంతే ముఖ్య కారణం. దిగుమతి బంతులు ఖరీదు కాబట్టి విద్యార్థులు దానితోనే నేర్చుకున్నారు. తేలికైన ఆ బంతి కోర్టు దాటిపోకూడదంటే టాప్‌స్పిన్ (బంతి ముందుకు గిర్రున తిరుగుతూ త్వరగా కిందికి దిగేలా కొట్టడం) కావాలి. అలా వెస్టర్న్ గ్రిప్ (అరచేయి దాదాపు పిడి కిందికి వచ్చేలా రాకెట్టు పట్టుకోవడం) అలవాటైంది. భుజమెత్తు లేచే బంతికి ఆ పట్టు బ్రహ్మాండం. గడ్డి మీద కిందగా జారే స్లైస్‌కు (వెనక్కి తిరిగేలా కోసినట్టు కొట్టిన బంతికి) మాత్రం కష్టమే, రాకెట్టు బంతి కిందికి సులువుగా వెళ్లదు.

ఎడమచేతి ఆటగాడు కుమగాయె ఇచియా 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో సింగిల్స్‌లోనూ, కషియో సెయిచిరోతో డబుల్స్‌లోనూ రజతాలు గెలిచాడు. జపాన్‌కు అవే తొలి ఒలింపిక్ పతకాలు. 1921లో, దేశాల జట్లు తలపడే డేవిస్ కప్‌లో తొలిసారి ఆడినప్పుడే, జపాన్ జట్టు భారత్‌ను, ఆస్ట్రలేసియాను (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఉమ్మడి జట్టు) ఓడించి ఛాలెంజ్ రౌండ్ (అప్పటి విజేతతో ఆడే తుది పోరు) చేరింది. అక్కడ అమెరికా చేతిలో 0-5. స్కోరు చూసి తేలిగ్గా తీసుకోకండి: కలకత్తాలో ఉద్యోగం చేస్తూ ఆట మెరుగుపరచుకున్న షిమిజు జెంజో, అమెరికా మేటి ఆటగాడు బిల్ టిల్డెన్‌పై మొదటి రెండు సెట్లు గెలిచాకే ఓడాడు.