స్లైడ్లు మార్చడం ఒక్క వాక్యంలో అయ్యే పని కాదు

బాబూ,

నీ కథ అందింది. రాత్రి ఒకసారి, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. రెండోసారి ఒళ్లు మండింది. "పాత స్నోమొబైల్ బానెట్ ఎత్తి అరిగిన స్లైడ్లు మార్చేశాడు. బయట మంచు అమ్మ ఆరేసిన తెల్లచీరలా పరుచుకుంది" అని రాశావు. స్లైడ్లు బానెట్ కింద ఎక్కడుంటాయి నాయనా? అవి ఆ మంచు మీద పోయే బండి అడుగున, ట్రాక్ అనే తిరిగే రబ్బరు బెల్టు లోపల, రెండు అల్యూమినియం కమ్మీల అంచుకి తొడిగిన ప్లాస్టిక్ పట్టీలు. ఏటా సుమారు 200 అంగుళాల మంచు పడే, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు హోటన్‌లో చదువుకుంటున్నావు. ఏదో ఒక షెడ్డులోకి వెళ్లి ఒక్కసారి వంగి చూస్తే ఏం పోయింది?

ముసలాయన పాత స్లైడు అంచుని బొటనవేలితో రాసి చూసే వాక్యం బాగుంది. దానికోసమే ఈ ఉత్తరం.

చేతిపని ఏ వరసలో జరుగుతుందో తెలిస్తే కథ వరస అదే తేలుతుంది. నేను నమ్మేది ఇదొక్కటే, ఎన్నిసార్లయినా చెబుతాను. చూడు: ముందు బండి వెనకభాగం ఎత్తి ఆనించాలి. వెనక యాక్సిల్ బోల్టు వదులు చేసి ట్రాక్ బిగువు తగ్గించాలి. స్లైడు ముందు కొసన ఒక బోల్టు ఉంటుంది. పాత బండిలో అది తుప్పుపట్టి, తిప్పబోతే తల ఊడి చేతికొస్తుంది. నీ కథకి అంతకన్నా మంచి విలన్ దొరకడు! ట్రాక్ కంతల్ని స్లైడుకి ఎదురుగా తెచ్చి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో వెనక్కి కొడుతుంటే, మొరాయిస్తూ మొరాయిస్తూ బయటికొస్తుంది. కమ్మీ అంచుని తడిమి, గరుకు తగిలినచోట ఆకురాయి పట్టాలి. కొత్త స్లైడు దూరే కొసని కత్తితో కాస్త ఏటవాలుగా చెక్కి, సబ్బునీళ్లు రాసి, వెనకనుంచి ముందుకి తొయ్యాలి. ఆ చలిలో సబ్బునీళ్లు డబ్బాలోనే గడ్డకడతాయి. ఇదంతా వదిలేసి "మార్చేశాడు" అంటావా?

పైగా నీ కథలోవాడు కొత్త స్లైడ్లతో మంచు లేని తారురోడ్డు మీద గ్యాస్ స్టేషన్ దాకా దర్జాగా పోయాడు. ట్రాక్ లోపలి ఇనుప క్లిప్పులు ఆ ప్లాస్టిక్ మీదే జారుతుంటాయి. వాటి మధ్య తడీ చల్లదనమూ ఇచ్చేది మంచే. అది లేకపోతే రాపిడికి వేడెక్కి, 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్లాస్టిక్ కరగడం మొదలెడుతుంది. కాలిన వాసనొస్తుంది. ట్రాక్ మరీ బిగిస్తే అరుగుదల ఇంకా తొందర. నీ కథ అసలు ఆ వాసన దగ్గర మొదలవ్వాలి.

మిన్నెసోటా రాష్ట్రపు డులూత్‌లో ఉద్యోగం కొత్తలో నేనూ ఒక పాత బండి కొన్నాను. కొత్తదానికి డబ్బుల్లేవు, మెకానిక్‌కి ఇవ్వడానికీ లేవు. గరాజులో వెల్లకిలా పడుకుని నేర్చుకున్నదంతా ఒక కథలో పెట్టి పంపితే, సంపాదకుడుగారు తిప్పి పంపారు: యంత్రం తీసేసి ఇంటిమీద బెంగ పెంచమని! అప్పట్లో అదే ఫ్యాషన్, ఇప్పటికీ పోలేదు. అమెరికా కథ అంటే మంచు కురవాలి, అమ్మ గుర్తుకురావాలి, ఆవకాయ సీసా తెరవాలి. నేను యంత్రాన్ని తియ్యలేదు. ఆ పత్రిక మూతపడింది, నా కథ వేరేచోట అచ్చయింది.

బండి "తాతల కాలంనాటిది" అన్నావు. ఏ ఏడాదిది? 1960ల బండ్లలో చాలావాటికి ఇలాంటి స్లైడ్లే ఉండేవి కావు, ట్రాక్ లోపల బోగీ చక్రాలనే చిన్నచక్రాలు తిరిగేవి. అది తేల్చుకున్నాకే తిరగరాయి. సంపుటి ఎప్పుడు వెయ్యాలి, ముందుమాట ఎవరిచేత రాయించాలి అని అడిగావు కదా, అవి తర్వాత చూద్దాం.

ఇంకొకటి. చివర్లో వాడు బండి ఎత్తిపెట్టి, ట్రాక్ తిప్పి బిగువు సరిచూస్తుంటే, ఆ అమ్మాయిని బండి వెనకాలే నిలబెట్టావు. తిరిగే ట్రాక్ ఐసుగడ్డల్నీ ఊడిన క్లిప్పుల్నీ వెనక్కే విసురుతుంది. ప్రేమ సంగతి తర్వాత, ముందా పిల్లని పక్కకి జరుపు. పీడీఎఫ్ పంపకు, దానిమీద దిద్దడం నాకు రాదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు